నాకు ప్రార్థన రావడం లేదు, విశ్వాసం పోగొట్టుకున్నానా?

"నా వయసు 41. రెండేళ్ల క్రితం మావారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇప్పుడు కర్ర సాయంతో గుమ్మం దాకా నడుస్తున్నారు. మాట మాత్రం 'ఆ', 'ఊ' దగ్గరే ఆగిపోయింది. చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. ఉన్నట్టుండి ఏడుస్తారు, ఒక్కోసారి సందర్భం లేకుండా నవ్వుతారు. అప్పుడు మా అబ్బాయికి 13 ఏళ్లు. నాన్న లేవాలని 21 రోజులు ఒంటిపూట ఉపవాసం ఉండి ప్రార్థించాడు. ఇప్పుడు వాడికి 15. చర్చికి రానంటున్నాడు. 'ప్రార్థించి ఏం ఒరిగిందమ్మా?' అంటాడు. చూడటానికి వచ్చిన విశ్వాసులు కొందరు మా ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉందన్నారు, కొందరు మా విశ్వాసం చాలదన్నారు. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒకాయన, మందులు మింగడమే అవిశ్వాసమన్నారు. అప్పట్నుంచి మావారు బీపీ మాత్ర వేస్తే కొన్ని రోజులు ఉమ్మేస్తున్నారు. రాత్రి మోకరిస్తే నాకు ఒక్క మాట రాదు. అరగంట అలాగే ఉండి లేస్తున్నాను. పోయిన నెల సంఘంలో సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు నాకు గొప్ప సమాధానం ఇచ్చాడని చెప్పాను. అది అబద్ధం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను విశ్వాసం పోగొట్టుకున్నానా? పేరు రాయకండి."

సోదరీ, ఇంతటితో ఉత్తరం ముగించి, కింద ఇంకా చిన్న అక్షరాలతో మరో రెండు వాక్యాలు రాశారు. వాటి దగ్గరకు చివర్లో వస్తాను.

ముందు మీరడిగినదానికి జవాబు. లేదమ్మా, పోగొట్టుకోలేదు. విశ్వాసం పోయినవాళ్లకు సాక్ష్యంలో దొర్లిన అబద్ధం నిద్ర చెడగొట్టదు. మాట రాకపోయినా అరగంట మోకాళ్ల మీదే ఉన్నానని మీరే రాశారు. ఆ అరగంట ఎవరి ముందున్నారు? ఆయన ఉన్నాడన్న నమ్మకం ఏ మూలా లేకపోతే పగలంతా చాకిరీ చేసి అలిసిన ఒళ్లు మంచం ఎక్కేది గానీ నేల మీద మోకరించేది కాదు.

మీకు ప్రార్థన రావడం లేదని కాదు, మీకు వచ్చిన మాట ప్రార్థనకు పనికిరాదని మీరు అనుకుంటున్నారని నాకనిపిస్తోంది. గొంతు దాకా వస్తున్నది ఫిర్యాదు. దాన్ని దేవుడి ముందు అనకూడదని లోపలికి మింగేస్తున్నారు. దాంతో పాటు మిగతా మాటలూ గొంతులోనే ఉండిపోతున్నాయి. 88వ కీర్తన ఒకసారి తీయండి. దాన్ని రాసిన హేమాను ఆ కొద్ది వచనాల్లోనే మూడుసార్లు నేను మొరపెడుతున్నానంటాడు. నన్నెందుకు విడిచిపెట్టావని, నీ ముఖం ఎందుకు దాచుకున్నావని నేరుగా దేవుణ్నే నిలదీస్తాడు. మిగతా కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఒక మలుపు ఉంటుంది, కన్నీళ్లతో మొదలై స్తుతితో ముగుస్తాయి. దీనికి అదీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. అంతే. ఆ కీర్తనను ఎవరూ కొట్టేయలేదు, చివర ఒక స్తుతి వాక్యం తగిలించనూ లేదు. మొత్తం 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకోవడానికి దాచుకున్న పుస్తకంలో ఇంత ఏడుపు ఉందంటే, మీ ఏడుపుకు అక్కడ చోటు లేదనడం ఎలా?

కాబట్టి ఇవాళ రాత్రి మోకరించినప్పుడు సొంత మాటల కోసం వెతుక్కోకండి. 13వ కీర్తన గానీ, 88వది గానీ పైకి చదవండి. అదే మీ ప్రార్థన. చదవడానికీ ఓపిక లేకపోతే ఊరికే కూర్చోండి. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకు రాశాడు. మూలుగు కూడా లెక్కకు వస్తుందక్కడ.

శోధనలో నిలబడాలి అనే మాట మనం చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం. వినగానే కళ్లముందు ఒక మనిషి కనిపిస్తాడు. కన్నీరు పెట్టడు, ప్రశ్న వేయడు, ఎవరి సాయం అడగడు, ఎప్పుడు పలకరించినా "స్తోత్రం, దేవుని దయవల్ల బాగున్నాం" అంటాడు. మీరు ఆ మనిషిని చూసి మిమ్మల్ని కొలుచుకుంటున్నారు. నేను మీకు ఇంకొక మనిషిని చూపిస్తాను. నిర్గమకాండం 17వ అధ్యాయం. కింద అమాలేకీయులతో యుద్ధం జరుగుతోంది, కొండ మీద మోషే చెయ్యెత్తి ఉన్నాడు. చెయ్యెత్తి ఉన్నంతసేపు ఇశ్రాయేలీయులది పైచెయ్యి, దించితే అమాలేకీయులది. ఎంతసేపని ఎత్తి ఉంచగలడు? చేతులు బరువెక్కాయి. అప్పుడు పక్కనున్నవాళ్లు ఒక రాయి తెచ్చి వేశారు, మోషే దాని మీద కూర్చున్నాడు. అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క ఆ చేతుల్ని పట్టుకుని మోశారు. సూర్యుడు అస్తమించేవరకు అవి "నిలుకడగా ఉండెను" అని మన బైబిల్లో ఉంది. ఆ నిలుకడకు హెబ్రీలో వాడిన మాట ఎమూనా. "నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును" అని హబక్కూకు 2:4లో చదువుతామే, అక్కడ విశ్వాసం అని మనం చదివేదీ అదే ఎమూనా. ఈ సంగతి తెలిసిన రోజున నేను చాలాసేపు ఆ పేజీ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. నిలుకడగా ఉన్న మోషే నిలబడి లేడమ్మా, కూర్చుని ఉన్నాడు. చేతుల బరువు ఇంకొకరి చేతుల్లో ఉంది. లేఖనం దాన్నే నిలుకడ అంది.

రెండేళ్లుగా మీరు ఒక్కరే చేతులెత్తి నిలబడి ఉన్నారు. ఆయన్ను లేపడం, స్నానం, బట్టలు, మందులు, ఆసుపత్రి, అబ్బాయి చదువు, వచ్చేపోయేవాళ్లకు మర్యాద. మీకిప్పుడు కావలసింది ఒక రాయి, ఇద్దరు మనుషులు. అడగండి. మా కోసం ప్రార్థన చేయండి అని మాత్రమే అంటే చాలామంది తలూపి వెళ్లిపోతారు. పని పేరు చెప్పి అడగండి. ఫలానా రోజు మధ్యాహ్నం రెండు గంటలు మావారి దగ్గర కూర్చుంటారా, నేను పడుకుంటాను అనండి. వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించడానికి ఒక మగమనిషి సాయం కావాలని పాస్టరుగారితో చెప్పండి. స్త్రీల కూటంలో ఎక్కువ మాట్లాడకుండా పని అందుకునే ఒకావిడ ఉండే ఉంటారు. ఆవిణ్ని మొదట అడగండి.

పాపం ఉందనీ, విశ్వాసం చాలదనీ అన్నవాళ్ల సంగతి. యోబును చూడటానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా అనలేదు. ఆ వారం రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే చెడింది. నీవు తప్పు చేయకపోతే ఇలా ఎందుకు జరుగుతుందని అధ్యాయాల కొద్దీ వాదించారు. చివరికి దేవుడు ఎవరిని తప్పుపట్టాడు? తనను అన్నన్ని మాటలన్న యోబును కాదు. తన పక్షాన వాదిస్తున్నామనుకున్న ఆ ముగ్గుర్ని. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదని యేసు ఆ లెక్కనే కొట్టేశాడు. ఇంకోసారి ఎవరైనా మీ ఇంట్లో కూర్చుని పాపాల ఆరా తీస్తే ఓపికగా వినాల్సిన పని లేదు. "ఏడ్చువారితో ఏడువుడి అని వాక్యముంది కదండీ, ఇవాళ్టికి అది చాలు" అనండి. అది మర్యాద తప్పడం కాదు.

మరి ఎందుకు జరిగిందని మీరు నన్నడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. యోబుకూ దేవుడు కారణం చెప్పలేదు. ఆయనే వచ్చి మాట్లాడాడు, యోబుకు అది చాలింది.

మందుల విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. మందు మానమన్న మాట తప్పు, ప్రమాదకరం. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషి బీపీ మాత్ర ఉమ్మేస్తుంటే రెండోసారి వచ్చే ముప్పు పెరుగుతుంది. యెషయా 38వ అధ్యాయం మీవారికి చదివి వినిపించండి. హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది, గోడవైపు తిరిగి ఏడుస్తూ ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, 15 ఏళ్ల ఆయుష్షు పొడిగించాడు. మాట ఇచ్చేశాడు కదా, ఇంకేం కావాలి? అయినా యెషయా ఏం చేయమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తీసి పుండుకు కట్టమన్నాడు. ఆ కాలపు మందు అది. కట్టారు, బాగుపడ్డాడు. లూకా వైద్యుడే, పౌలు అతణ్ని ప్రియుడైన వైద్యుడని పిలిచాడు. ఇంకో చిన్న వచనం ఉంది, దాని మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు గానీ మీలాంటి ఇంటికి అది కావాలి. రెండో తిమోతి చివర్లో, త్రోఫిము రోగి అయితే అతణ్ని మిలేతులో విడిచివచ్చానని పౌలు రాస్తాడు. పౌలు ఒంటి మీది చేతిగుడ్డలు తెచ్చి తాకిస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. ఆ పౌలే, తనతో తిరిగిన మనిషిని జబ్బుగానే వదిలి రావలసి వచ్చింది. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క కూడా అనలేదు.

మాత్ర ఉమ్మేస్తున్న సంగతి వెంటనే వైద్యుడికి చెప్పండి. మింగడం కష్టమై కూడా ఉమ్మేస్తుండవచ్చు, పక్షవాతం తర్వాత అది మామూలే. మందు మార్చడమో, రోజుకు ఒకసారి వేసేది ఇవ్వడమో ఆయన చూస్తారు. మీ అంతట మీరు పొడి చేసి అన్నంలో కలపకండి, కొన్ని మాత్రలు అలా నలపకూడదు. మాత్ర చేతికిచ్చే ముందు ఇద్దరూ కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. ప్రార్థనకూ మందుకూ తగువు లేదని ఆయనకు రోజూ కళ్లకు కనిపిస్తుంది. ఎప్పుడైనా మూతి ఒక పక్కకు లాగినా, బాగున్న చెయ్యి ఉన్నట్టుండి బలహీనపడినా ఎవరి ప్రార్థన కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో ప్రార్థించుకోవచ్చు.

ఉన్నట్టుండి ఏడవడం, అకారణంగా నవ్వడం గురించి రాశారు. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల ఏడుపు, నవ్వుల మీద అదుపు తప్పుతుంది. మీరు ఏదో అన్నారని కాదు, ఆయన మనసు మారిపోయిందనీ కాదు. దానికి తోడు నిజమైన దిగులు కూడా ఉండవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. రెంటికీ వైద్యం ఉంది. ఈసారి వెళ్లినప్పుడు కాలు, చెయ్యి సంగతితో పాటు ఈ ఏడుపు సంగతీ నోరు తెరిచి చెప్పండి, చెబితే తప్ప వైద్యులకు తెలియదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా నాన్నగారికీ ఇలాగే కుడిపక్క పడిపోయి మాట పోయింది. నీళ్లు కావాలన్నా చెయ్యి చూపించేవారు. నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం అమ్మ ఆయన గడ్డం గీస్తూ, అలవాటుగా, తనలో తాను పాడుకుంటున్నట్టు ఒక పాత కీర్తన అందుకుంది. రెండో చరణానికి నాన్న గొంతు కలిసింది. మాటలు కొన్ని నలిగాయి, రాగం మాత్రం సరిగ్గా ఉంది. అమ్మ చేతిలో రేజరు అలాగే ఆగిపోయింది. సగం గడ్డానికి నురగ ఉంది, సగం లేదు. ఆయన ఆపకుండా పాడుతున్నారు. తర్వాత ఇంకో రోజు అమ్మ "పరలోకమందున్న మా తండ్రీ" అని ఆపింది. "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అని ఆయన అందుకున్నారు. అప్పట్లో మేమంతా అద్భుతమనుకున్నాం. మాట్లాడే శక్తి చాలామందికి మెదడు ఎడమపక్కన ఉంటుందనీ, కంఠస్థం వచ్చిన పాటలు, ప్రార్థనలు మెదడులో వేరే దారిన కూడా నడుస్తాయనీ, అందుకే మాట పోయినవాళ్లు కొందరు పాడగలరనీ తర్వాత ఒక స్పీచ్ థెరపిస్టు చెప్పారు. కారణం తెలిశాక నాకు ఆ సాయంత్రం చిన్నదైపోలేదు.

మీవారికీ అలా వస్తుందని నేను మాట ఇవ్వలేను. అందరికీ రాదు. వచ్చినా పాట పాడినంత మాత్రాన మామూలు మాటలు తిరిగొచ్చేసినట్టు కాదు. కానీ ప్రయత్నించి చూడండి. ఆయన చిన్నప్పుడు నేర్చుకున్న పాట, ఆయనకు నిద్రలో కూడా వచ్చేది ఎంచుకోండి. ఎదురుగా కూర్చుని, ఆయన ఎడమచేతిని మీ చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా తాళం వేస్తూ పాడండి. పదాలు అందించకండి, చివరి మాట దగ్గర ఆగి చూడండి. రాకపోతే పట్టు పట్టకండి. రాగం ఉపయోగించి మాట నేర్పే పద్ధతి కూడా ఉంది, స్పీచ్ థెరపిస్టును అడగండి.

మీ అబ్బాయి. నాకు ఈ ఉత్తరంలో అందరికంటే ఎక్కువ గుర్తుండిపోయింది వాడే. 13 ఏళ్ల పిల్లవాడు, పెరిగే వయసు, ఆకలి ఆగని వయసు, 21 రోజులు నాన్న కోసం ఒంటిపూట తిన్నాడు. నాన్న లేవలేదు. ఆ తర్వాత ఎవరైనా వాడి దగ్గర కూర్చుని, నీకెలా ఉందిరా నాన్నా అని అడిగారా? అడిగి ఉండరు. అందరూ మంచం దగ్గరే ఉంటారు. పైగా విశ్వాసం చాలలేదన్న మాట వాడూ విన్నాడు. అది విన్న పిల్లవాడికి మిగిలే దారులు రెండే. నా వల్లే నాన్న లేవలేదని లోపల కుళ్లిపోవడం, లేదా ఆ దేవుడే వద్దనుకోవడం. రెండోది ఎంచుకున్నాడు. ఒక రకంగా తన ప్రాణం కాపాడుకున్నాడు వాడు.

వాణ్ని ఆదివారం బలవంతంగా తీసుకెళ్లకండి. నాన్న కోసమైనా రా అని కూడా అనకండి. ఒక రాత్రి, వాడికి వీలైన సమయం చూసి, "ఆ 21 రోజులు నువ్వు చేసింది నేను మర్చిపోలేదురా. నాన్న లేవకపోవడం నీ లోటు కాదు" అని చెప్పండి. ఇంకా ఓపిక ఉంటే, "నాకూ ప్రార్థన రావడం లేదు" అని కూడా చెప్పండి. తల్లి నోటి నుంచి ఈ మాట వింటే వాడు పూర్తిగా దూరమైపోతాడేమోనని మీకు భయం. నా అనుభవంలో పిల్లలు దూరమయ్యేది మనం నటిస్తున్నామని తెలిసిపోయినప్పుడు. వాడు కోపంగా ఏమన్నా అననివ్వండి, వచనంతో జవాబివ్వకండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని యేసు ముందు అరిచిన తండ్రి గుర్తున్నాడు కదా. ఆ అరుపు అరిచింది జబ్బుపడ్డ కొడుకు తండ్రి. జబ్బుపడ్డ తండ్రి కొడుక్కి కూడా ఆ ప్రార్థన సరిపోతుంది, అయితే వాడంతట వాడు ఎప్పుడో అనుకోవాలి.

సాక్ష్యం సంగతి. అబద్ధం అబద్ధమే, దేవుడి దగ్గర ఒప్పుకోండి, ఆయన క్షమిస్తాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలని నేను అనను. కానీ ఈసారి సాక్ష్యం అడిగితే ఉన్నది చెప్పండి: "మా పరిస్థితి మారలేదు. నేను అలిసిపోయాను. దేవుణ్ని ఇంకా అడుగుతూనే ఉన్నాను. మీరు కూడా నాతో పాటు అడగండి." కూర్చోండి. ఆ హాల్లో ఇంకెవరో, మీలాగే పైకి నవ్వుతూ లోపల కాలిపోతున్న మనిషి, ఆ రోజు ఊపిరి పీల్చుకుంటారు. వెనకాల ఎవరైనా గుసగుసలాడితే ఆడనివ్వండి.

ఇక కిందన చిన్న అక్షరాల్లో రాసిన వాక్యాలు. "ఆయన ఆ రోజే పోయి ఉంటే బాగుండేదని ఒకసారి అనుకున్నాను. ఇది దేవుడు క్షమిస్తాడా?" అని రాశారు. ఆ మాట రాయడానికి మీకెంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి మంచాన పడ్డవారికి చాకిరీ చేసిన మనుషులు నా దగ్గర కూర్చుని, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి చెప్పిన మాట ఇదే. ప్రేమించనివాళ్లు కాదు వాళ్లు. మా అమ్మ కూడా ఒకసారి అంది. అది ఆయన చావు కోరడం కాదమ్మా, ఈ బరువుకు ఒక చివర ఉండాలని ఒళ్లు అడుక్కోవడం. మోషే ఈ జనం భారం నేను మోయలేను, నన్ను చంపెయ్యి అని దేవుణ్నే అడిగాడు. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలన్నాడు. దేవుడు మోషేకు 70 మందిని తోడిచ్చాడు. ఏలీయాను తిట్టలేదు, రెండుసార్లు దూతను పంపి తట్టి లేపి తినిపించాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. మీ మాటనూ అలాగే విన్నాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

అయితే ఒకటి నిజంగా చెప్పండి. ఆయన గురించి కాకుండా, నేనే పోతే బాగుండనే ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తుంటే దాన్ని విశ్వాసపు లోటుగా దాచకండి, ఈ వారమే వైద్యుడికి చెప్పండి. ఆ రోజు మీతో ఉండటానికి మీకు బాగా దగ్గరైన మనిషిని పిలిపించుకోండి.

నాకు మళ్లీ రాయండి. ఆ రెండు గంటలు ఎవరు వచ్చి కూర్చున్నారో రాయండి. పాట మొదలుపెట్టిన రోజు ఆయన గొంతు కలిపారో లేదో రాయండి. కలపకపోయినా రాయండి.